మాయమైనవాళ్ళని పిలవకూడదు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఇది. రేపు నాకేదైనా అయి నేను ఇంట్లో పడిపోతే, నా కూతురు ఎవర్నీ పిలవదు. నోరు లేక కాదు, దాని గొంతు వీధి మలుపు దాకా వినిపిస్తుంది. పిలిస్తే నాకు ఇంకా పెద్ద కీడు జరుగుతుందని అది నమ్ముతోంది. నా పక్కన కూర్చుని, పెదాల మీద వేలు పెట్టుకుని, నేను లేచేదాకా కాపలా కాస్తుంది. నేను లేవకపోయినా కాస్తూనే ఉంటుంది.

ఇది ఊహించుకుని చెబుతున్న మాట కాదు. ఒకసారి జరిగింది. అక్కడికి తర్వాత వస్తాను, ముందు తాతయ్య సంగతి చెప్పాలి.

మేం ఉండేది ఓ పాత మేడలో, పై అంతస్తులో. మెట్లెక్కి వస్తే ఎదురెదురుగా రెండు వాటాలు. ఒకటి మాది, ఒకటి తాతయ్యది. వెనకవైపు రెండింటికీ కలిపి ఒకటే సన్నటి వసారా, మేడ చుట్టూ తిరిగి వస్తుంది. బట్టలు ఆరేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. మా ఆయన లారీ మీద వెళ్తాడు. వెళ్తే ఎప్పుడొస్తాడో ఆ లారీకే తెలియాలి. నేను ఇంట్లో కూర్చుని చొక్కాలకి కాజాలు తీసి, బొత్తాలు కుడతాను. దుకాణం వాళ్ళు మూట తెచ్చి పడేస్తారు, అయ్యాక పట్టుకుపోతారు. నాకు చదువు మధ్యలో ఆగిపోయింది. ఏడో తరగతి పుస్తకం సగంలో ఉండగా మా అమ్మ మంచం పట్టింది. ఆ పుస్తకం మిగతా సగంలో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. అందుకని నేను రాసింది ఎక్కడైనా కాజా ఒక చోట, బొత్తాం ఒక చోట అయితే మీరే సర్దుకోండి.

నా కూతురికి ఐదేళ్ళు. అందరూ దాన్ని బొంగరం అంటారు. ఒక చోట నిలిస్తే ఒట్టు. ఆ పేరు పెట్టింది తాతయ్యే.

తాతయ్య మాకు చుట్టమేమీ కాదు. బస్సు కండక్టరుగా చేసి మానేసిన మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు, అక్క కొడుకొకడు ఎక్కడో దూరాన ఉన్నాడు. నేను బాబాయ్ అనేదాన్ని. బస్సులో పసిపిల్లలు ఏడుపు లంకించుకుంటే ఊరుకోబెట్టడానికి చిన్న చిన్న గారడీలు నేర్చుకున్నాడట. టికెట్టు మాయం చేసి పిల్లాడి చెవిలోంచి తీసేవాడట. "చిల్లర మాయం చెయ్యడం మాత్రం నేర్చుకోనక్కర్లేకపోయింది అమ్మాయ్, అది ఉద్యోగంతోపాటే వచ్చింది" అని తనే నవ్వేవాడు.

మా ఇంట్లో టికెట్లు లేవు కాబట్టి బొత్తాలతో మొదలుపెట్టాడు.

"ఏమ్మా బొంగరం, మీ అమ్మకి ఒక బొత్తాం తక్కువైందట. ఎవరు మింగారు?"

"నేను కాదు!"

"మరి నీ ముక్కులోంచి తొంగిచూస్తున్నదేమిటి?"

అది కెవ్వున నవ్వుతూ ముక్కు పట్టుకునేది. నేను లోపల్నుంచి, "బాబాయ్, ఆ బొత్తాం మళ్ళీ ఎవరి చొక్కాకో కుట్టాలి, కాస్త తుడిచి ఇవ్వండి" అనేదాన్ని.

వీటన్నిటికన్నా పెద్ద మాయ ఇంకొకటి ఉంది. తాతయ్యే మాయమైపోవడం. ఆయన గదికి మధ్యలో ఒక పాత దుప్పటి తెరలా కట్టి ఉండేది. తెర అవతల ఇనప మంచం, పెట్టె, వసారాలోకి తలుపు. బొంగరం గడప మీద కూర్చుని కళ్ళు మూసుకోవాలి. తాతయ్య "రైట్ రైట్" అని తెర వెనక్కి వెళ్ళేవాడు. అక్కణ్ణుంచి వసారాలోకి, వసారాలోంచి మా వంటింట్లోకి, చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా నడిచి, నాకు కన్నుగీటి, మా వీధి తలుపులోంచి బయటికొచ్చి, దాని వెనక నిలబడి ఈల ఊదేవాడు. అది ఉలిక్కిపడి తెర వైపు చూసేది, ఆయన వైపు చూసేది. అప్పుడు దాని మొహం చూడాలి. నా పెళ్ళికి కూడా ఎవరి మొహంలోనూ అంత సంతోషం నేను చూడలేదు.

చిక్కల్లా ఆయన పాత అలవాటుతోనే. బతుకంతా బస్సులో ఎవరు ఏ మూలనుంచి పిలిచినా "ఆ" అని పలికి పలికి, పిలుపు వింటే ఆయన నోరు ఊరుకోదు. ఒకసారి మాయ సగంలో ఉండగా బొంగరం ఓపిక పట్టలేక "తాతయ్యా" అని పిలిచింది. మా వంటింట్లోంచి "ఆ!" అని పలికేశాడు. ఇద్దరం నోళ్ళు నొక్కుకున్నాం.

ఆ రోజు ఆయన ఒక నియమం పెట్టాడు.

"చూడమ్మా బొంగరం, మాయమైనవాళ్ళని పిలవకూడదు. పిలిస్తే మాయ చెదిరిపోతుంది. చెదిరితే మళ్ళీ అతకదు. ఇక నేను వట్టి తాతనే."

"వట్టి తాతంటే?"

"వట్టి తాతంటే దగ్గు, మోకాళ్ళ నొప్పులు. అంతే. ఇంకేం ఉండదు."

 బొంగరం పెదాల మీద వేలు పెట్టుకుంది. ఆ రోజు నుంచి తాతయ్య మాయమైనప్పుడల్లా ఆ వేలు అక్కడే. మెట్లెక్కి ఎవరొచ్చినా గుడ్లురిమి చూసేది. గ్యాసు బండ తెచ్చినవాడు కూడా బండ నెమ్మదిగా దించి, "ఏమ్మా, మీ తాత ఇంకా రాలేదా" అని గుసగుసగా అడిగి వెళ్ళేవాడు.

ఆ మధ్యాహ్నం కూడా అలాగే మొదలైంది. మూట సాయంత్రానికి ఇవ్వాల్సి ఉంది, నేను తల ఎత్తకుండా కాజాలు తీస్తున్నాను. "రైట్ రైట్" వినబడింది. ఇంక వంటింట్లోంచి వస్తాడులే అనుకున్నాను. రాలేదు. పని మీద పడి మరిచిపోయాను. కాసేపటికి బొంగరాన్ని అన్నానికి రమ్మందామని వెళ్తే గడప మీద కళ్ళు మూసుకుని, వేలు పెదాల మీద పెట్టుకుని కూర్చుని ఉంది. "ఉష్" అంది. ముసలాయన ఇవాళ ఏదో కొత్త ఎత్తు వేశాడనుకుని నవ్వుకుని వచ్చేశాను.

ఆ తర్వాత విన్నాను దాని కేక.

"తాతయ్యా!"

ఆ పిల్ల అలా పిలవడం నేను అంతకు ముందు వినలేదు. సూది వేల్లో దిగింది. పరుగెత్తాను. తెర అవతల, మంచానికీ గోడకీ మధ్య పడి ఉన్నాడు బాబాయ్. నోరు ఒక పక్కకి పోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. చెప్పులు చేత్తో పట్టుకునే ఉన్నాడు. బొంగరం తెర అంచు పట్టుకుని నిలబడి ఉంది.

"కాలు కనబడిందమ్మా. తెర కింద కాలు కనబడింది. మాయమైతే కాలు కూడా మాయమవ్వాలి కదా. అందుకని పిలిచాను. పిలవకూడదు, కానీ పిలిచాను."

కింది వాటా అక్కని కేకేశాను. ఆమె తమ్ముడు ఆటో తెచ్చాడు. ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది: "సమయానికి తెచ్చారు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదు." ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, మాట దక్కలేదు.

మేడలో అందరూ నన్ను మెచ్చుకున్నారు. "నువ్వు చూశావు కాబట్టి సరిపోయింది" అన్నారు. "నేను కాదక్కా, మా బొంగరం పిలిచింది" అని నేను గొప్పగా చెప్పాను. ఆ మాట వినగానే అది బొత్తాల మూట వెనక్కి వెళ్ళి దాక్కుంది. సిగ్గనుకున్నాను.

ఒక రోజు నా పక్కన చేరి అడిగింది. "అమ్మా, తాతయ్య ఇప్పుడు వట్టి తాతేనా?"

సూదిలో దారం ఎక్కడం లేదు. నా ధ్యాసంతా ఆ దారం మీదే ఉంది. "ఎవరైనా ఒకనాటికి వట్టి తాతేనే, పిచ్చిదానా" అన్నాను.

 అది ఆ వారమంతా గిర్రున తిరగలేదు, గంతులు వెయ్యలేదు. బొంగరం ఆగిపోయిందేమిటని కింది వాటా అక్క అడిగేదాకా నేను గమనించలేదు. దగ్గరికి లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని బతిమాలితే అప్పుడు చెప్పింది, నా చెవిలో.

"తాతయ్య చెయ్యి నేనే పోగొట్టాను. నేను పిలిచాను కదా."

ఆ క్షణం నాకు ఏడో తరగతి పుస్తకం మిగతా సగం గుర్తొచ్చింది. ఇలాంటప్పుడు పిల్లకి ఏం చెప్పాలో అందులో ఉండేదేమో అనిపించింది.

మా అత్తయ్య వచ్చినప్పుడు అడిగాను. "ఇందులో ఆలోచించేదేముందే? మాయా లేదు, మన్నూ లేదు, ముసలాయన మన వంటింట్లోంచి వచ్చేవాడని దారి చూపించెయ్" అంది. మా ఆయన్ని అడిగితే, "పెద్దయితే అదే పోతుందిలే" అన్నాడు. లారీ వాళ్ళకి అన్నీ దారిలో అవే సర్దుకుంటాయి.

అత్తయ్య మాటే విన్నాను. బొంగరం చెయ్యి పట్టుకుని తాతయ్య తెర వెనక్కి తీసుకెళ్ళాను. వసారా చూపించాను. మా వంటింట్లోంచి నడిపించి గడప దగ్గరికి తెచ్చాను. "చూశావా, ఇదే దారి. ఇంతే. మాయేం లేదు. నువ్వు పిలవడం వల్ల ఏమీ అవ్వలేదు."

అది నన్ను జాలిగా చూసింది. "ఇది నీకు కనబడే దారి అమ్మా. పెద్దవాళ్ళకి ఇలాగే కనబడుతుందని తాతయ్య ముందే చెప్పాడు."

ముసలాయన ఎంత పకడ్బందీగా కట్టాడో చూడండి. 

సరే, దాని దారిలోనే వెళ్దామని ఇంకో మాట అల్లాను. "ఆ నియమంలో ఇంకో సగం ఉంది. మాయమైనవాళ్ళు చాలాసేపు రాకపోతే పిలవాలి. పిలిస్తేనే దారి దొరుకుతుంది."

"నీకెవరు చెప్పారు?"

"తాతయ్యే."

"నాకు చెప్పలేదే. తాతయ్య చెబితే నమ్ముతాను."

తాతయ్యకి మాట లేదు. అయినా ఆస్పత్రికి తీసుకెళ్ళాను. వరస మంచాల గదిలో కిటికీ పక్క మంచం ఆయనది. ఎడం చెయ్యి పైకెత్తి మంచం కడ్డీ పట్టుకుని ఉన్నాడు, బస్సు కుదుపుకి పడిపోకుండా పట్టుకున్నట్టు. బొంగరాన్ని చూడగానే కళ్ళు వెలిగాయి. కడ్డీ వదిలి వేళ్ళు ఆడించాడు. నాకు అర్థమైంది. కొంగున ముడేసి ఉన్న బొత్తాం తీసి ఇచ్చాను. ఎడం చేత్తో ప్రయత్నం చేశాడు. అది వేళ్ళ సందులోంచి జారి, టక్‌మని నేల మీద పడి, దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. బొంగరం పాకి వెళ్ళి తెచ్చింది. ఆయన అరచేతిలో పెట్టి, ఆయన వేళ్ళని ఒక్కొక్కటిగా తనే ముడిచింది. తర్వాత నా వెనక్కి వచ్చేసింది. ఒక్కసారి కూడా పిలవలేదు.

అప్పుడే ఆయా పళ్ళెం పట్టుకుని వచ్చి, "పెద్దాయనా" అని కేకేసింది.

"ఆ" అన్నాడు బాబాయ్.

నేను అదిరిపడ్డాను. "మాటొచ్చిందా?" అంటే, ఆయా పెదవి విరిచింది. "అదొక్కటేనమ్మా. ఇంకేం రాదు. పిలిస్తే మాత్రం పలుకుతాడు. పక్క మంచాన్ని పిలిచినా ఈయనే పలుకుతాడు, ఏం చెప్పమంటావ్."

మాటలన్నీ పోయినా ఆ ఒక్కటీ ఆయన దగ్గర మిగిలింది. ఇంటికొస్తూ దారంతా అదే ఆలోచించాను. బొంగరం ఒక్కసారి పిలిచి, ఆయన "ఆ" అంటే చాలు. పిలిస్తే ఏమీ చెదరదని అది తన చెవులతో వింటుంది. నేను చెప్పనక్కర్లేదు.

కానీ అది పిలవాలి కదా. "ఎడం చెయ్యి కూడా పోతే?" అంది. ఎన్నో విధాల చెప్పాను. చివరికి గుసగుసగా పిలవడానికి ఒప్పుకుంది. గుసగుసైతే మాయకి మరీ దెబ్బ తగలదని దాని లెక్క. ఇంట్లో అలవాటు చేసుకుంది. ఖాళీ గిన్నెలో మొహం పెట్టి "తాతయ్యా" అని, వెంటనే మూత పెట్టేసేది. పిలుపు బయటికి రాకుండా.

వెళ్ళిన రోజు దాని జడలు నేనే బిగించి వేశాను. ఆస్పత్రి మెట్ల మీద కూడా అది పెదాలు కదుపుతూనే ఉంది. గదిలోకి వెళ్తే కిటికీ పక్క మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది.

 ఆయా నా మొహం చూసి, "పోలేదమ్మా, పోలేదు. ఎవరో మేనల్లుడట, వచ్చి తీసుకెళ్ళాడు. చూసుకునేవాళ్ళు లేరని ఏదో ఆశ్రమంలో పెడతానన్నాడు" అంది. ఏ ఆశ్రమం, ఎక్కడ? ఆమెకి తెలియదు. బల్ల దగ్గర కూర్చున్నాయనకీ తెలియదు. ఇంటికి వచ్చేసరికి తాతయ్య వాటాకి కొత్త తాళం. మేనల్లుడు సామాను కూడా పట్టుకుపోయాడు. తెర కట్టిన తాడు మాత్రం కిటికీలోంచి కనబడుతోంది.

బొంగరం ఆ గడప మీద కూర్చుంది.

"నేను పిలుద్దామనుకున్నానని తాతయ్యకి తెలిసిపోయిందమ్మా. అందుకే ముందే మాయమైపోయాడు."



అప్పటినుంచి అది ఎవర్నీ పిలవదు. నాతో పని ఉంటే వచ్చి కొంగు లాగుతుంది. నాన్న మెట్లెక్కుతుంటే పైనుంచి కేకెయ్యదు, దిగి వెళ్ళి చెయ్యి పట్టుకుంటుంది. "ఎంత నెమ్మదైన పిల్లో" అని అత్తయ్య మురిసిపోతోంది. నాకు మాత్రం ఇంట్లో గడియారం ఆగిపోయినట్టుంది.

నేను మళ్ళీ నీళ్ళోసుకున్నాను. కళ్ళు తిరుగుతుంటాయి. పోయిన నెల మా ఆయన లారీ మీద ఉండగా, మూట ఎత్తబోయి పడిపోయాను. గుమ్మం తలకి తగిలింది. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. కళ్ళు తెరిచేసరికి బొంగరం నా పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. చెంపల మీంచి నీళ్ళు కారిపోతున్నాయి. నా నెత్తురు దాని గౌనుకి అంటింది. వేలు పెదాల మీద ఉంది. పక్కనే మూట విడిపోయి బొత్తాలన్నీ నేలంతా దొర్లాయి. ఒక్కటి కూడా కదపలేదు, చప్పుడవుతుందని.

కింది వాటా అక్క ఏదో పని మీద పైకొచ్చి చూసింది కాబట్టి సరిపోయింది. నన్ను లేపి కూర్చోబెట్టి దాన్ని గదిమింది. "తలుపు తీసి ఒక్క కేక వెయ్యకూడదుటే! నీ గొంతు అవసరానికి ఎక్కడికి పోయింది?"

"పిలిస్తే అమ్మ చెయ్యి పోతుంది" అంది బొంగరం, గుసగుసగా.

అక్క నా వైపు చూసింది. నేను మొహం తిప్పుకున్నాను.

ఇప్పుడు అక్క పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి మా తలుపు తడుతోంది. ఆ రెంటికీ మధ్య నేను నా గుండె చప్పుడు వింటూ కుడుతుంటాను. మేనల్లుడి కోసం నలుగురినీ అడిగాను. మా ఆయన లారీ ఆగిన చోటల్లా ఆశ్రమాల్లో విచారిస్తున్నాడు. పెద్దయితే అదే పోతుందన్న మాట ఇప్పుడు అనడం లేదు.

అందుకే ఇది రాస్తున్నాను. మీరున్న చోట ముసలివాళ్ళని ఉంచే ఇల్లు ఏదైనా ఉంటే, ఒక్కసారి లోపలికి వెళ్ళి చూడండి. పొడుగాటి మనిషి. కుడి చెయ్యి ముడుచుకుని ఉంటుంది. ఎడం చేత్తో మంచం కడ్డీ గట్టిగా పట్టుకుని, నేల కదులుతున్నట్టు కూర్చుంటాడు. గుప్పిట్లో ఒక తెల్ల బొత్తాం ఉండొచ్చు. ఎవరి చొక్కాదో, ఆ చొక్కా ఇంకా నా దగ్గరే ఉంది. ఆయన ఎలా ఉన్నాడో, తింటున్నాడో లేదో చూడండి. మా బొంగరాన్ని ఎక్కడికి తీసుకురావాలో మాకు కబురు చెయ్యండి. ఆయన ఔనో కాదో అనుకుంటూ గుమ్మంలోనే నిలబడకండి. దగ్గరికి వెళ్ళి "తాతయ్యా" అని పిలవండి. గుసగుసగా వద్దు, గట్టిగా పిలవండి. పలుకుతాడు.